రాని కామెర్లు

ఎల్బీ నగర్,
28 సెప్టెంబర్ 2011

నాయినా,

ఎలా ఉన్నావని అడగను. బాగున్నానని రాసి మోకాలి నొప్పి దాచిపెడతావు. నేరుగా అడుగుతున్నాను, కొత్త చెవి మిషన్ పెట్టుకుంటున్నావా, ట్రంకు పెట్టెలో దాచావా? నువ్వది పెట్టుకుంటే నాకీ ఉత్తరాల బాధ తప్పేది. మా క్లాసు అమ్మాయిలు ఇంటికి ఫోన్ చేసి, కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి పెట్టేస్తారు. నేను మాత్రం పేజీలు నింపాలి.

తెలంగాణ సమ్మెతో ఇక్కడ బస్సులు పూర్తిగా బంద్. చౌరస్తా దాటాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకునేదాన్ని కదా, ఇప్పుడు అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మొన్న వంటావార్పు జరిగింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చుని తిన్నారు. నేనూ గంపెడు ఉల్లిగడ్డలు కోశాను. అద్దంలో చూసుకుంటే నా కళ్ళ రంగే మారిపోయింది.

కాలేజీ సంగతి అడుగుతావు. తుర్కయంజాల్ అవతల, సాగర్ రోడ్డు మీద ఉన్న కాలేజీకి బస్సు లేకుండా రోజూ ఎలా పోతాం? కాలేజీ బస్సు కూడా ఆపేశారు. గేటు సగం మూసి ఉంటుంది, హాజరు పట్టీ మాత్రం పూర్తిగా తెరిచి ఉంటుంది. రెండు రికార్డులు, మూడు అసైన్‌మెంట్లు బాకీ ఉన్నాయి. గడువు పెంచమని మా హెచ్‌వోడీ ఆనంద్ కుమార్ సార్‌ను అడిగితే, "రాష్ట్రమంతా గడువులే అడుగుతుంది, నువ్వు గూడ అడుగు" అన్నాడు. అవునన్నాడో కాదన్నాడో తెలియలేదు.

తిండి సంగతి కూడా అడుగుతావు. ఇంటి ఓనరు సీతామహాలక్ష్మి ఆంటీ భీమవరం చేత్తో కారం వేస్తుంది. ఈ మధ్య నాకు ఆకలి కావడం లేదు, ఏదీ సహించడం లేదు. ఒళ్ళంతా బరువుగా ఉంటోంది. అదంతా గడువుల దిగులు, నువ్వేం పట్టించుకోకు.

కాలేజీ నుంచి నీకేదైనా కాగితం వస్తే సంతకం పెట్టి పంపు. ఎక్కువ ఆలోచించకు. బాలమ్మవ్వకు నేను బాగున్నానని చెప్పు.

నీ ప్రసన్న


ఎర్రకుంటగూడెం,
9 అక్టోబర్ 2011

నా చిన్నతల్లి ప్రసన్నకు నాయిన దీవెనలు.

నీ మీద నాకు ఇంత కోపం ఎన్నడూ రాలేదు. కోపం కూడా కాదు, ఏమనాలో తెలియడం లేదు.

నిన్న పోస్టుమ్యాన్ మీ కాలేజీ కాగితం తెచ్చాడు. అందులో ఏముందో తెలుసా? "మీ కుమార్తె కామెర్ల వ్యాధితో విశ్రాంతిలో ఉన్నందున తరగతులకు హాజరు కాలేదని వైద్య ధ్రువపత్రం సమర్పించారు. తండ్రిగా మీరు ధ్రువీకరించవలెను." గుమ్మంలో నిలబడి చదివాను, అక్కడే కూర్చుండిపోయాను. మీ అమ్మ పోయింది దేనితో? నీకు గుర్తులేదు, నువ్వు అప్పుడు చంకలో పిల్లవి. నాకు గుర్తుంది. ఆ కామెర్లతోనే కదా.

నీ పోయిన ఉత్తరం మళ్ళీ తీశాను. కళ్ళ రంగు మారింది. ఆకలి లేదు. ఏదీ సహించదు. ఒళ్ళు బరువు. అన్నీ రాశావు, రోగం పేరొక్కటే రాయలేదు. ఉల్లిగడ్డల మీద పెట్టావు. చెవిటివాణ్ణి కానీ గుడ్డివాణ్ణి కాదు తల్లీ, మొదటిసారే నాకు తెలియాల్సింది.

సంతకం అప్పుడే పెట్టాను. "నా కుమార్తె జబ్బుపడిన మాట వాస్తవమే" అని కింద నా చేత్తో రాసి, చర్చి ముద్ర కూడా వేసి పంపాను. ఆ సంగతి వదిలెయ్. సాయంత్రం సంఘాన్ని పిలిచి చెప్పాను. ఉపవాస ప్రార్థన పెట్టారు. వానలో కూడా అందరూ వచ్చారు. మైకు లేకపోయినా నాకే వినపడేంత గట్టిగా ప్రార్థించారంటే చూసుకో.

బాలమ్మ మాత్రం ప్రార్థన అయ్యేదాకా ఉండలేదు. మధ్యలోనే లేచి చేనుగట్లకు పోయి నేలఉసిరి పెరుక్కొచ్చింది. "అయ్యగారూ, నువ్వు ప్రార్థన జెయ్యి, నేను పసరు పోస్త, ఏది ముందు పనిజేస్తే అదే" అంది. బస్సులు లేవమ్మా అంటే, "బత్తాయి లారీలు పోతున్నయ్ గద, కొత్తపేట మార్కెట్‌ల దింపుతరు, ఆడికెంచి ఎల్బీ నగర్ ఎంత దూరం?" అని నన్నే అడుగుతోంది. కట్టె పట్టుకుని నడిచే మనిషి. వద్దంటే వినలేదు. నువ్వు ఆరోగ్యంతో ఇంటికొస్తే కృతజ్ఞత కూడికలో తన పుంజును ఇస్తానని కూడా మొక్కింది. ఆ పుంజు సంగతి నీకు తెలుసు కదా, దాన్ని పేరు పెట్టి పిలుస్తుంది.

నూనె ముట్టకు. కారం ముట్టకు. ఎండలోకి పోకు. రికార్డులు, అసైన్‌మెంట్లు గంగలో కలవనీ. మనిషి బతికితే చదువు ఎప్పుడైనా చదవొచ్చు.

నీ కోసం ఎదురుచూసే
నాయిన


ఎల్బీ నగర్,
14 అక్టోబర్ 2011

నాయినా,

ఈ ఉత్తరం బాలమ్మవ్వ చేతికిచ్చి పంపుతున్నాను. లారీవాళ్ళు తిరిగిపోతున్నారట. రాస్తుంటే ఆమె ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తోంది. దారిలో ఎవరితోనైనా చదివించుకుంటుంది కాబట్టి అన్నీ రాయలేను. ఇది కూడా చదివించుకుంటే చదివించుకోనీ.

అవ్వ మొన్న తెల్లవారే వచ్చింది. నేను గేటు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళంతా బత్తాయిల వాసన. లోపలికి రమ్మంటే రాలేదు. "పెద్దోళ్ళ ఇల్లు, ఈడనే మంచిగుంది" అంది. సీతామహాలక్ష్మి ఆంటీ చెయ్యి పట్టుకుని, "అదేవిటండీ, మా ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుంటారా" అంటూ లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. కాఫీ కూడా ఇచ్చింది. ఆంటీ ఎవరికీ అంత మర్యాద చేయగా నేను చూడలేదు.

అవ్వ నా కనురెప్పలు విప్పి చూసింది. "తెల్లగనే ఉన్నయ్ గద" అంది. వెంటనే, "తగ్గుమొహం పట్టింది, దేవునికి స్తోత్రం" అంది. మూడు పొద్దులు పరగడుపున ఆ పసరు తాగించింది. నాయినా, అంత చేదు ఈ భూమ్మీద ఇంకేదీ ఉండదు. తాగి వాంతి చేసుకుంటే, "పైత్యం పోతుంది" అని సంతోషపడింది. ఆంటీని వంటింట్లో పోపు కూడా పెట్టనివ్వలేదు. ఆ ఇంటివాళ్ళంతా నా కోసం చప్పిడి తిన్నారు. జోగారావు అంకుల్ పెరుగన్నం కలుపుకుంటూ నా వైపు చూసిన చూపు నీకు రాసి చూపించలేను.

నేను బాగున్నాను. నిజంగా బాగున్నాను. ఇది మాత్రం నమ్ము.

కాలేజీలో కమిటీ వేశారు. డాక్టరు సర్టిఫికెట్లు పెట్టినవాళ్ళ తల్లిదండ్రులు నవంబర్ నాలుగున స్వయంగా రావాలట. నువ్వు రావద్దు నాయినా. ఇంత దూరం నీకు కష్టం, పైగా అక్కడ పెద్దవాళ్ళు ఏవేవో అడుగుతారు, నీకు వినపడదు. రాలేనని ఒక చీటీ రాసి పంపు చాలు. నేను చూసుకుంటాను.

ఎట్లాగైనా రావద్దు.

ప్రసన్న


ఎర్రకుంటగూడెం,
22 అక్టోబర్ 2011

ప్రసన్నకు నాయిన దీవెనలు.

బాలమ్మ వచ్చి చెప్పిన దగ్గర్నుంచి ఊళ్ళో నాకు నిలబడే తీరిక లేదు. ఎవరు ఎదురైనా "పాప ఎట్లుంది" అనే. వాళ్ళు అడిగేది నాకు వినపడదు, అయినా పెదాలు చూసి చెప్పేస్తున్నాను, తగ్గింది తగ్గింది అని. బాలమ్మ మాత్రం తన పట్నం కథ రచ్చ దగ్గర రోజూ కొత్తగా చెబుతోంది. మీ ఆంటీ ఇంట్లో కుర్చీ మొదట మామూలు కుర్చీ, ఇప్పుడది సోఫా అయింది.

నీ ఉత్తరంలో ఒక మాట నన్ను కష్టపెట్టింది, దాచుకోను. నీకు వినపడదన్నావు, "రావద్దు" అని రెండుసార్లు రాశావు. నా చెవులకు నామోషీ పడుతున్నావా తల్లీ? ఇంటర్ చేర్చడానికి వచ్చినప్పుడు క్లర్కు ఒకటడిగితే నేనొకటి చెప్పాను, వరుసలో పిల్లలు నవ్వారు. నువ్వు తల దించుకున్నావు. నేను చూశాను. ఆ రోజు ఏమీ అనలేదు. ఇప్పుడంటున్నాను. నీ చదువు నిలబడేది నా మాట మీదైతే, ఆ మాట చెప్పడానికి నాకు చెవులు అక్కర్లేదు, నోరుంది.

ఆదివారం నుంచి మిషన్ పెట్టుకుంటున్నాను. చెవిలో కుక్కర్ ఈల వేసినట్టుంది. అయినా పెట్టుకుంటున్నాను.

బస్సులు నడుస్తున్నాయి కాబట్టి నాలుగో తారీకు పొద్దున నేరుగా కాలేజీ దగ్గర దిగుతాను. నా కూతురు మంచం పట్టిన మాట నిజమని ఎదురుగా చెప్పి వస్తాను. ఆరో తారీకు ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. బాలమ్మ సాక్ష్యం చెబుతుందట. తన పసరు గురించి, నీ గురించి. పుంజుకు ఇప్పటి నుంచే గింజలు ఎక్కువ వేస్తోంది.

కాస్త నూనె వాడొచ్చేమో డాక్టరును అడుగు.

నాయిన


ఎల్బీ నగర్,
27 అక్టోబర్ 2011

నాయినా,

ఇది ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

నాకు కామెర్లు రాలేదు.

ఈ మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. రాలేదు. ఆకలి లేకపోవడం దిగులు వల్ల, కళ్ళు ఎర్రబడింది ఉల్లిగడ్డల వల్లే. ఆ సర్టిఫికెట్టు అబద్ధం.

మొదట్నుంచి చెబుతాను. సమ్మె మొదలయ్యాక ఒకటి రెండు రోజులు షేరింగ్ ఆటోలు పట్టుకుని కాలేజీకి పోయాను. తరవాత దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలో కూర్చోవడం మొదలుపెట్టాను. మా క్లాసులో కొందరు ఆటోల్లో వేలాడుతూ పోతూనే ఉన్నారు. నేనూ పోదలుచుకుంటే పోగలిగేదాన్నే. పోలేదు. శిబిరంలో ఆర్టీసీ వాళ్ళు, టీచర్లు, ముసలివాళ్ళు కూర్చుని ఉంటే నేను ఒక్కదాన్ని బ్యాగు తగిలించుకుని వాళ్ళ ముందు నుంచి క్లాసుకు పోవడం నాకు చేతకాలేదు. నీకు చెబితే తిడతావని చెప్పలేదు.

తరవాత నోటీసు పెట్టారు. డెబ్బై ఐదు శాతం హాజరు లేనివాళ్ళకు వైద్య కారణం ఉంటేనే మినహాయింపు, ఉంటేనే రికార్డులకు గడువు. లేకపోతే డిటెయిన్. అంటే పరీక్ష రాయనివ్వరు, ఈ ఏడాది పోతుంది, ఏడాది పోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే సీతామహాలక్ష్మి ఆంటీ చూసింది. "ఓస్, దీనికేనా? మూసారాంబాగ్‌లో మీ అంకుల్‌కి తెలిసిన డాక్టరుగారున్నారు. కామెర్లని రాయించేద్దాం. కామెర్లయితే ఎవరూ ఏవీ అడగరు" అంది. ఆమే తీసుకెళ్ళింది. ఆటోలో వస్తూ, "ఏవమ్మాయ్, రాష్ట్రం వేరైపోతే మమ్మల్ని పొమ్మంటారా?" అని అడిగింది. నేనేం చెప్పాలి? శిబిరంలో కూర్చున్న నా కోసం అబద్ధం ఆడించడానికి ఆమె వచ్చింది. పొమ్మనరు ఆంటీ అన్నాను.

కాలేజీ నీకు ఉత్తరం రాస్తుందని తెలుసు. సంతకం పెట్టి ఊరుకుంటావనుకున్నాను. సంఘం, ఉపవాసం, లారీ, పసరు, ఇవేవీ అనుకోలేదు. అమ్మ పోయింది కామెర్లతోనని నాకు ఎవరూ చెప్పలేదు నాయినా. జ్వరమనే అనుకున్నాను. తెలిస్తే ఆ పేరు రాయనిచ్చేదాన్ని కాదు.

అసలు బాధ ఇప్పుడు చెబుతాను. దసరా తరవాత ప్రిన్సిపాల్ ఇంకో నోటీసు పెట్టాడు. సమ్మె వల్ల రాలేకపోయినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు దరఖాస్తు రాసిస్తే చాలట, ఆదివారాలు క్లాసులు పెట్టి హాజరు సరిచేస్తారట. సర్టిఫికెట్లు పెట్టనివాళ్ళంతా రాసిచ్చారు. నా ఫైల్లో మాత్రం నేను మంచం మీద ఉన్నాను. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే నిజమే సరిపోయేది.

నాలుగో తారీకున నువ్వు వచ్చి అవునంటే నేను గట్టెక్కుతాను. కాదంటే దొంగ సర్టిఫికెట్టు పెట్టినందుకు డిటెయిన్ చేస్తారు. అందుకే రావద్దన్నాను. నీ చెవుల వల్ల కాదు. ఇంటర్‌లో తల దించుకున్నది నిజమే, అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఇప్పుడు అలా లేను.

రమ్మని రాయలేను. వద్దని రాయలేను. నాకు చాలా భయంగా ఉంది.

ప్రసన్న


ఎర్రకుంటగూడెం,
7 నవంబర్ 2011

నా తల్లికి నాయిన దీవెనలు.

మొన్న బస్టాపులో నేను మాట్లాడలేదని ఏడ్చావు. కోపం అనుకున్నావు. మిషన్ బ్యాటరీ అయిపోయింది, నువ్వేమంటున్నావో వినపడలేదు. ఏమన్నావని అడిగితే నేనూ ఏడుస్తానని అడగలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను, నువ్వు అటు తిరిగి ఉన్నావు.

లోపల ఏం జరిగిందో చెబుతాను. నిజం చెప్పానంటే నేనేదో గొప్పవాణ్ణనుకోకు. గుమ్మం దాటేదాకా అవుననే అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా అబద్ధమాడొద్దని చెప్పిన మనిషిని, ఒక్క మాటకు దేవుడు నన్ను విడిచిపెడతాడా అనుకున్నాను. నాకు ముందు లోపలికి పోయిన తల్లిదండ్రులంతా నవ్వుకుంటూ బయటికి వచ్చారు. నేనూ అలాగే వచ్చేవాణ్ణి.

ప్రిన్సిపాల్ శ్రీరామమూర్తి గారు నాకు వినపడదని తెలుసుకుని గట్టిగా అడిగాడు, "పాస్టర్ గారూ, పాపకు కామెర్లు తగ్గాయా?" అని. వరండాలో ఉన్న నీకు కూడా వినపడి ఉంటుంది. అందులో అనుమానం లేదు, మర్యాదగా అడిగాడు. నెల నుంచి మన ఊరంతా నన్ను అదే అడుగుతోంది కదా. దానికి నేను తగ్గింది తగ్గింది అంటున్నాను కదా. ఇంకొక్కసారి ఆ మాట నా నోట రాలేదు. "రాలేదు సార్. మొన్న రాసిచ్చింది తెలియక రాశాను, ఇప్పుడు తెలిసి చెబుతున్నాను. పిల్ల శిబిరంలో కూర్చుంది" అన్నాను.

ఆయన బల్ల మీదున్న కట్ట ఒకటి నా వైపు జరిపాడు. అన్నీ సర్టిఫికెట్లే. "ఈ సెమిస్టరులో మా కాలేజీలో కామెర్లు రాని పిల్లలు తక్కువండీ. మీరొక్కరే రాలేదన్నారు" అన్నాడు. క్షమించానని అనలేదు, శిక్ష అనీ అనలేదు. చూస్తామన్నాడు. నీ ఏడాది నా నోటితోనే పోగొట్టానేమోనని బస్సులో దేవరకొండ దాకా అదే తలుచుకుంటూ వచ్చాను.

శిబిరం సంగతికి నిన్ను తిట్టేవాణ్ణని ఎందుకనుకున్నావు? అరవై తొమ్మిది ఉద్యమమప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. బడి మూసేశారు, మా అన్న పరీక్ష పోయింది. ఆయన శిబిరాల వెంట తిరిగాడు, మా నాయన తిట్టలేదు. నేనెందుకు తిడతాను? నాకు చెప్పకపోవడమే నాకు నొప్పి.

మీ అమ్మ సంగతి నేను దాచాను. ఏడేళ్ళప్పుడు నువ్వు అడిగితే, చిన్నపిల్లకు రోగాల పేర్లెందుకని జ్వరం అన్నాను, మళ్ళీ దిద్దలేదు. అంటే ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఇక ఆదివారం. సంఘమంతా వచ్చింది. పిల్లలు రంగు కాగితాలు కట్టారు. ముందు వరుసలో బాలమ్మ, పక్కన కాళ్ళు కట్టిన పుంజు. ప్రిన్సిపాల్ ముందు చెప్పగలిగినవాణ్ణి బాలమ్మ మొహం చూసి చెప్పలేకపోయాను. గొంతు నొప్పి అన్నాను. కూడిక ఇంకో ఆదివారం పెట్టుకుందాం అన్నాను. దగ్గాను కూడా. విన్నావా? నేనూ దొంగ జబ్బు చెప్పి గడువు అడిగాను. వాళ్ళు ఏ కాగితం అడగకుండా ఇచ్చారు. బాలమ్మ సాయంత్రం మిరియాల కషాయం తెచ్చింది. తాగాను.

నువ్వే వచ్చి చెప్పాలి. నా వల్ల కాదు.

నాయిన


ఎల్బీ నగర్,
15 నవంబర్ 2011

నాయినా,

హాల్ టికెట్ ఇస్తారట!

నిన్న ప్రిన్సిపాల్ పిలిచాడు. సర్టిఫికెట్టు నా ఎదుటే చింపి, తెల్లకాగితం ముందు పెట్టి, ఎందుకు రాలేదో రాయమన్నాడు. రాశాను. చదివి, "ఇదే అప్పుడు రాసుంటే నాకు మీ నాన్నగారిని చూసే అవకాశం ఉండేది కాదు" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో ఇంకా ఆలోచిస్తున్నాను. షరతులు పెట్టాడు. పరీక్షల దాకా ప్రతి ఆదివారం క్లాసుకు రావాలి, ఒక్కటి తప్పినా టికెట్ లేదు. రికార్డులు మొదట్నుంచి మళ్ళీ రాయాలి. ఆనంద్ కుమార్ సార్ గడువు వేసి కింద సంతకం పెట్టాడు. "గిది గూడ దాటితే నిజంగనే కామెర్లొస్తయ్ నీకు" అన్నాడు.

ఆంటీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, రాయించింది తనేనని బయటపడుతుందని. పడలేదు. నువ్వు తన పేరు చెప్పలేదని తెలిశాక వచ్చి, "మీ నాన్నగారు అలాంటివారని ముందే చెబితే నేనీ పని చేయించేదాన్నా" అని నన్నే కోప్పడింది. రాత్రికి పోపు పెట్టిన పప్పు పంపింది.

ఆదివారాలు క్లాసులు కాబట్టి నేను రాలేను నాయినా. గడువు అడుగుతున్నానని అనుకోకు. అవ్వకు ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. కూడికలో అందరి ముందూ చదువు. ఒక్క మాట కూడా మార్చకు.

ప్రసన్న

అవ్వా,

నేను ప్రసన్నను. అయ్యగారు చదువుతుంటే వింటున్నావు కదా. నాకు కామెర్లు రాలేదు. కాలేజీకి పోక, పరీక్ష పోతుందని భయపడి, రోగమొచ్చిందని దొంగ కాగితం రాయించాను. అప్పుడు నాయినకు తెలియదు. తెలియకనే మీకందరికీ చెప్పాడు. నువ్వు వచ్చినప్పుడే నీ కాళ్ళ మీద పడి చెప్పాల్సింది. ఆ కట్టెతో, ఆ లారీలో వచ్చావని చూసి నోరు రాలేదు. పసరు తాగితే నువ్వు సంతోషంగా పోతావని తాగాను. మీరంతా నా కోసం ఆకలితో ఉన్నారు. నన్ను క్షమించండి. నీ పుంజును ఇవ్వకు అవ్వా. అది నాకోసం నువ్వు మొక్కుకున్నది, నేను దానికి తగినదాన్ని కాను.


ఎర్రకుంటగూడెం,
20 నవంబర్ 2011

నా తల్లీ,

ఇప్పుడే చర్చి నుంచి వచ్చాను. అంగీ కూడా విప్పలేదు. ముందు ఇది రాసి అప్పుడు అన్నం తింటాను.

నువ్వన్నట్టే అందరి ముందూ చదివాను. ఒక్క మాట మార్చలేదు. ముందు నా గొంతు నొప్పి కూడా అబద్ధమని చెప్పి, అప్పుడు నీది మొదలుపెట్టాను. చదివాక తలెత్తడానికి చాలాసేపు పట్టింది. వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. మిషన్ పెట్టుకున్నాను కదా, అన్నీ వినపడ్డాయి. ఒకాయన "అయ్యగారి బిడ్డే గిట్ల జేస్తే" అన్నాడు. అనాల్సిందే కదా, అననీ అనుకున్నాను.

బాలమ్మ లేచింది. పుంజు చంకలో ఉంది.

"అయ్యగారూ, మొదటి మాట మల్ల సదువు" అంది.

"నాకు కామెర్లు రాలేదు" అని చదివాను.

"రానే లేదా?"

"రాలేదమ్మా."

"ఒక్క దినం గూడ?"

"ఒక్క దినం కూడా రాలేదు."

మీ అమ్మకు చివరి రోజుల్లో పసరు తాగించింది కూడా బాలమ్మ చేతులే తల్లీ. నువ్వు అప్పుడు ఆమె ఒడిలోనే ఉన్నావు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలుసు, మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే నీ అబద్ధానికే అనుకున్నాను.

"మరి గింతసేపు ఏడుపు మొహాలు బెట్టుకొని కూసున్నరేందే?" అని వెనక్కి తిరిగి అందరినీ అడిగింది. "పిల్లకు ఆ రోగం తగ్గితే పుంజునిస్త అని మొక్కిన. అసలు రానే రాలేదంటుండు అయ్యగారు. గంతకన్న ఏం గావాలె? తగ్గినందుకు ఒకటైతే, రానందుకు రెండియ్యాలె."

పుంజును బల్ల కాలికి కట్టేసి బయటికి పోయింది. పాట పాడడం కూడా మరిచిపోయి అందరం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. పెట్టను పట్టుకుని వచ్చి పుంజు పక్కన పెట్టింది. అప్పుడు నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "ఉత్తగనే అంత చేదు తాగింది బిడ్డ, పాపం" అంది.

కోళ్ళు రెండూ మన పెరట్లో ఉన్నాయి, వాటిని నువ్వొచ్చేదాకా కొయ్యొద్దని బాలమ్మ మాట తీసుకుంది. కృతజ్ఞత కూడిక నీ పరీక్షలయ్యాక పెట్టుకుందామని సంఘం గడువిచ్చింది, ఏ కాగితమూ అడగలేదు.

ఆదివారం క్లాసు ఒక్కటీ తప్పకు.

నాయిన